అనుమతింపబడిన పురుషుడు

రంగరాయపట్నం మునిసిపాలిటీ వారి ఈతకొలనులోకి మగవాళ్లు ఏం కట్టుకుని దిగుతున్నారన్నది మొదటి పదకొండేళ్లూ ఎవరికీ పట్టలేదు. ఒకరు చారల డ్రాయరుతో దిగితే ఇంకొకరు పంచె గోచీ పెట్టి దిగేవారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఉమామహేశ్వరంగారు అల్లుడి పాత ఫుట్‌బాల్ నిక్కరు తొడుక్కునేవారు. దాని వెనక తొమ్మిదో నెంబరు ఉండేది. ఆయన వెల్లకిలా ఈదినంతసేపూ నీళ్లకి తప్ప ఆ నెంబరు ఎవరికీ కనపడేది కాదు.

మునిసిపల్ హైస్కూలు డ్రాయింగు మాస్టారు పురుషోత్తం కూడా ఆయనతోపాటు పొద్దుటి బ్యాచ్‌లోనే ఉండేవాడు. ఆయనకి యాభై రెండేళ్లు, తొంభై నాలుగు కిలోలు, రెండు మోకాళ్లూ నొప్పి. డాక్టరు నడవొద్దన్నాడు, కూర్చోవద్దన్నాడు, ఈదమన్నాడు. కొలను దగ్గర కాపలా ఉండే గజ ఈతగాడు పైడయ్య మూడు నెలలు పొట్ట కింద చెయ్యిపెట్టి ఆయనకి ఈత నేర్పాడు. నీళ్లలో ఉన్న ఆ ముప్పావుగంటా తనకి మోకాళ్లున్నాయన్న సంగతే పురుషోత్తానికి గుర్తుండేది కాదు. రోజులో ఆయనకి దక్కిన సుఖం అదొక్కటే. అందుకని ఆదివారాలు కూడా మానేవాడు కాదు.

ఇలా ఉండగా మునిసిపల్ కమిషనరు త్రివిక్రమరావుగారు చెత్త నిర్వహణ చూసి రావడానికి పదిరోజులు విదేశాలు వెళ్లారు. అక్కడి హోటల్లో ఈతకొలనుంటే సరదాపడి మోకాళ్ల కిందికి దిగే గళ్ల నిక్కరుతో గట్టు మీదికి వెళ్లారట. అక్కడి కాపలావాడు అడ్డంగా నిలబడి, ఆ గుడ్డతో నీళ్లలో దిగడానికి వీల్లేదని చేతులూపి వెనక్కి పంపేశాడట. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. వెంట వెళ్లిన శానిటరీ ఇన్‌స్పెక్టరు గవర్రాజు అందరికీ చెప్పాడు. తిరిగొచ్చాక కమిషనరుగారు సమర్పించిన నివేదికలో చెత్త గురించి రెండు పేజీలూ, మగవారి ఈతదుస్తుల గురించి నలభై ఒక్క పేజీలూ ఉన్నాయి.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "పురుష ఈతగాండ్రు ధరించు అధోవస్త్రము దేహమునకు అంటిపెట్టుకొని యుండవలెను. జేబులు, నాడాలు, బొత్తాములు నిషిద్ధము. వస్త్రపు దిగువ అంచు తొడ మొదలునుండి నాలుగు వేళ్ల వెడల్పునకు మించరాదు." ఎవరి వేళ్లు అని గవర్రాజు రాతపూర్వకంగా సందేహం అడిగాడు. "తనిఖీ అధికారి వేళ్లు" అని వారం తరవాత స్పష్టీకరణ వచ్చింది. తనిఖీ అధికారి గవర్రాజే. ఆయనవి అరటికాయల్లాంటి వేళ్లు కాబట్టి జనం కొంత ఊపిరి పీల్చుకున్నారు. ఒకరోజు ఆయన సెలవు పెడితే ఎవరో బక్కపలచటి గుమాస్తా వచ్చి కొలిచాడు. ఆ పూట పదకొండుమంది గేటు దగ్గరనుంచే ఇళ్లకి వెళ్లిపోయారు.

పురుషోత్తాన్ని కమిషనరుగారు ఆఫీసుకి పిలిపించారు.

"చూడండి మాస్టారూ, ప్రజలు ఉత్తర్వులు చదవరు. బొమ్మలు చూస్తారు. గేటు పక్కన ఒక బోర్డు కావాలి. ఎడమవైపు అనుమతింపబడిన పురుషుడు, కుడివైపు అనుమతింపబడని పురుషుడు. దీన్ని మీ అదనపు విధిగా పరిగణిస్తున్నాం."

"అలాగేనండి."

"ఒక్క మాట. అనుమతింపబడినవాడి మొహంలో సంతోషం ఉట్టిపడాలి. రెండోవాడు పశ్చాత్తాపపడుతున్నట్టు ఉండాలి."

పురుషోత్తం నాలుగు రోజులు కూర్చుని ఆరడుగుల రేకు మీద ఇద్దరు పురుషుల్ని వేశాడు. నమూనాకి మనిషి దొరక్క అద్దం ముందు నిలబడి, పొట్ట కొంచెం తగ్గించి, తన్నే వేసుకున్నాడు. సంతోషంగా ఉన్నవాడికి అగ్గిపెట్టంత గుడ్డ, పశ్చాత్తాపపడేవాడికి మోకాళ్లదాకా నిక్కరు. ఊళ్లో వాళ్లు మాత్రం బోర్డు ముందు నిలబడి, "మాస్టారు సంతోషంగా ఉన్నప్పుడు ఇలా ఉంటారన్నమాట!" అనుకుంటూ వెళ్లేవారు.

ఇక ఆయనకీ ఆ అగ్గిపెట్టంత గుడ్డ కొనక తప్పలేదు. భార్య సుభాషిణి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"కళ్లజోడు తుడుచుకోడానికాండీ?"

"కాదే, ఈతకి."

"మరి తక్కినది ఎప్పుడిస్తారట?"

మొదటివారం పొద్దుటి బ్యాచ్ నలభైమందీ తువ్వాళ్లు చుట్టుకుని గోడవారగా పాక్కుంటూ వచ్చి, కళ్లు మూసుకుని నీళ్లలో దూకేవారు. మళ్లీ బయటికి రావడానికి ఒకరికోసం ఒకరు ఎదురుచూసేవారు. అంచేత ఆ వారంలో అందరికీ ఈత బాగా వచ్చింది. రెండోవారానికి తువ్వాళ్లు పోయాయి. మూడోవారం ఉమామహేశ్వరంగారు చిలకపచ్చ రంగుది తెప్పించుకున్నారు. దాని పక్కన పురుషోత్తం వేసుకున్న నల్లది వెలవెలబోయింది.

"నలుపేంటి మాస్టారూ, ముసలాళ్లలాగా!" అన్నారు అరవై ఆరేళ్ల ఉమామహేశ్వరంగారు.

పురుషోత్తం ఆ సాయంత్రమే నారింజరంగుది కొనుక్కున్నాడు. ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో ఆయనకే తెలీదు. ఎవరూ అడగలేదు, అందరూ కొంటున్నారు కాబట్టి.

ఆపైన కౌన్సిల్ సమావేశం జరిగింది. పదిహేడో వార్డు కౌన్సిలరు మహాలక్ష్మమ్మగారి మేడ కొలను ప్రహరీని ఆనుకునే ఉంటుంది. ఆవిడ లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా, నెల్లాళ్లయింది నేను వడియాలు పెట్టుకుని! మేడెక్కితే చాలు, నలభైమంది మగాళ్లు రంగురంగుల్లో కనపడుతున్నారు. నా పిండి పులిసిపోతోంది. మన సంస్కృతి ఏమైపోవాలి?"

సభ్యులందరూ బల్లలు చరిచారు. దుస్తుల అంచు మోకాలు దాటి కిందికి ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మర్నాడు పురుషోత్తం రంగుడబ్బాలు పట్టుకుని కమిషనరుగారి దగ్గరికి వెళ్లాడు.

"బోర్డు మార్చాలి కదండీ. నాకో ఉపాయం తోచింది. బొమ్మలు అలాగే ఉంచి, పైన పేర్లు అటుదిటూ ఇటుదటూ మార్చేస్తే సరిపోతుంది."

"మొదటి ఉత్తర్వు రద్దు కాలేదు మాస్టారూ."

"మరి తీర్మానం...?"

"ఉత్తర్వును ఉపసంహరించుకుంటే సంస్థ గౌరవం ఏం కాను? మేం ఉపసంహరించుకోం. సవరిస్తాం. మొదటి ఉత్తర్వు ప్రకారం నాలుగు వేళ్లది తొడుక్కోవాలి. సవరణ ప్రకారం దానిమీద మోకాలు దాటినది తొడుక్కోవాలి. బోర్డులో రెండూ కనపడాలి."

"పైది వేశాక లోపలిది ఎలా కనపడుతుందండీ?"

"అదే కదా కళ అంటే!"

పురుషోత్తం బాగా ఆలోచించి, అనుమతింపబడిన పురుషుడికి పొడుగు నిక్కరు వేసి, దానిమీద చుక్కల గీతతో లోపలిది సూచించాడు. పొరమీద పొర రంగు పడి ఆ భాగం రేకు మీద వేలెడు ఉబ్బింది. గేటు దగ్గర గవర్రాజు పైది బహిరంగంగానూ, లోపలిది తెర చాటునా కొలవసాగాడు. కొలత పూర్తయ్యేసరికి ఈతకిచ్చిన ముప్పావుగంటలో అరగంట గడిచిపోయేది. దిగాక ఆ రెండు గుడ్డలూ నీళ్లు తాగి కిందికి లాగేవి. పురుషోత్తానికి బస్తా కట్టుకుని ఈదుతున్నట్టుండేది. అయినా మానలేదు. మానితే మోకాళ్ల సంగతి పక్కనపెట్టండి, బ్యాచ్‌లో వాళ్లేమనుకుంటారు? అప్పటికే గళ్ల నిక్కర్లా, పువ్వుల నిక్కర్లా అన్న విషయం మీద బ్యాచ్ రెండుగా చీలిపోయి ఉంది. పురుషోత్తం పువ్వులవారి పక్షం.

ఆ గొడవ తేలకముందే రాష్ట్రస్థాయిలో సుందర ఈతకొలనుల పోటీ ప్రకటించారు. నిపుణుల సంఘం ప్రతి కొలనూ చూసి బహుమతి నిర్ణయిస్తుందట. కమిషనరుగారు ఆ సాయంత్రమే గట్టు మీద నిలబడి కొలను కేసి చాలాసేపు చూశారు. నీలం పలకల మీద నీలం నీళ్లు. మధ్యలో పువ్వులూ గళ్లూ.

"దృశ్యం చెడగొడుతున్నారు," అన్నారు.

మూడో ఉత్తర్వు వచ్చింది. "జలదృశ్య సమగ్రతకు భంగము వాటిల్లకుండుటకై పురుష ఈతగాండ్రు కంఠము మొదలు మడమ వరకు ఏకవస్త్రము ధరించవలెను. రంగు కొలను పలకల రంగునకు సరిపోలవలెను. తలకు అదే రంగు టోపీ. ముడతలు కనిపించును గావున లోపల ఇతర వస్త్రములు ధరింపరాదు."

ఆ ఏకవస్త్రాలు వచ్చాయి. అందరూ తొడుక్కుని నిలబడితే ఒకరినొకరు పోల్చుకోలేకపోయారు. ఉమామహేశ్వరంగారు వేరే ఎవరినో పట్టుకుని వాళ్ల మనవరాలి బారసాల కబుర్లు అడిగారు. పురుషోత్తానికి మాత్రం లోలోపల కాస్త హాయిగానే అనిపించింది. ఇక ఏ రంగు, ఏ పొడుగు అన్న బెంగ లేదు. పొట్టకూడా నొక్కుకుపోయింది. అందరిలో ఒకడైపోయాడు.

పైడయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. "ఇది తొడుక్కుంటే నాకు గాలాడదు బాబూ," అని తన ఎర్రగళ్ల గావంచా మీదే ఉన్నాడు. మూడోరోజు పొద్దున్న పురుషోత్తం దగ్గరికొచ్చి పక్కకి పిలిచాడు.

"మాస్టారూ, మీరు కాసింత రాసిపెట్టాల. మనుసులు నీళ్లలో దిగినాక నాకు అగుపడ్డంలేదు. నీళ్లేవో, మనుసులేవో తెల్డంలేదు. నిన్న ఇరవయ్యొక్క మందిని లెక్కెట్టినాను. బయటికి ముప్పైతొమ్మిది మందొచ్చినారు. ఒకాయన ఇంకా ఉన్నాడేమోనని నేను దిగి అడుగంతా ఎతికినాను. ఆయన ఇంటికాడ టిఫిను తింటన్నాడు."

పురుషోత్తం వినయంగా అర్జీ రాసిచ్చాడు. పదిరోజులకి సమాధానం వచ్చింది. "ఈతగాండ్రు కనబడుటలేదను ఆరోపణకు ఆధారముగా, కనబడని వారి పేర్లు, వారు కనబడని స్థలము, సమయము సూచించు జాబితాను మూడు ప్రతులలో జతపరచవలెను. అంతవరకు అర్జీ పరిశీలనార్హము కాదు."

"కనపడనోళ్ల పేర్లు నాకెలా తెలుస్తాయి బాబూ?" అన్నాడు పైడయ్య.

"అదే వాళ్లూ అడుగుతున్నారు," అన్నాడు పురుషోత్తం. చిరాకనిపించింది గాని, మళ్లీ అర్జీ రాయలేదు. తనకి సుఖంగానే ఉంది కదా అనుకున్నాడు.

నిపుణుల సంఘం వచ్చిన రోజున కొలను చుట్టూ క్రోటను కుండీలు పెట్టారు. పైడయ్య గావంచా దృశ్యానికి సరిపోలేదని, ఎత్తు కుర్చీ మీదనుంచి దింపి, మోటారు గది పక్కన కుండీల వెనక కూర్చోబెట్టారు. నలభైమందీ ముందే నీళ్లలో దిగారు. చప్పుడు చెయ్యకుండా, నీళ్లు చిమ్మకుండా ఈదాలని ఆజ్ఞ.

సంఘం అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని కొలనంతా కలయజూశాడు.

"బాగుంది. చాలా ప్రశాంతంగా ఉంది. మరి ఈతగాళ్లేరండీ?"

"ఉన్నారు సార్. నలభైమంది," అన్నారు కమిషనరుగారు గర్వంగా.

"ఎక్కడ?"

"అదే సార్ దీని విశిష్టత."

సరిగ్గా ఆ సమయానికి ఎనిమిదడుగుల లోతు దగ్గర పురుషోత్తానికి ఎడమ పిక్క పట్టేసింది. మామూలు పట్టెయ్యడం కాదు, ఎవరో మెలితిప్పి ముడేసినట్టు. "అమ్మా" అనబోతే నోట్లోకి నీళ్లొచ్చాయి. చెయ్యెత్తాడు. నీలం చెయ్యి నీలం నీళ్లలోంచి లేచి మళ్లీ నీళ్లలో కలిసింది. మూడు గజాల దూరంలో ఉమామహేశ్వరంగారు చప్పుడు చెయ్యకుండా ఈదుకుంటూ వెళ్లిపోయారు. ఆయనేనో, ఇంకెవరో. పురుషోత్తం మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. తన కళ్లముందే గట్టు మీద అంతమంది నిలబడి తన వైపే చూస్తూ, ప్రశాంతంగా ఉందని మెచ్చుకుంటున్నారు. ఆయనకి భయం కంటే ముందు మహా ఒంటరితనం వేసింది. సుభాషిణి పొద్దున్న ఇడ్లీ తిని వెళ్లమంటే వద్దని వచ్చేసిన సంగతి ఎందుకో గుర్తొచ్చింది.

పిక్క పట్టుకోవడానికి ఒక్కసారిగా వంగాడు. ఆ వంగడంతో వీపు మీద కుట్టు టపటపమని మెడ దగ్గరనుంచి నడుం కిందిదాకా తెగిపోయింది. గుడ్డలోకి నీళ్లు జొరబడి బుడగలా ఉబ్బి ఆయన్ని కిందికి లాగింది. ఇక మానం, నియమం ఏవీ గుర్తులేవు. రెండు చేతులతోనూ ఒక కాలితోనూ దాన్ని తోసేసుకున్నాడు. టోపీ ఎప్పుడో పోయింది. గోధుమరంగు వీపు ఒకటి నీలం నీళ్ల మీదికి నెమ్మదిగా తేలింది.

"అదిగో మనిషి!" అని కుండీల వెనకనుంచి కేక వినిపించింది. రెండు క్రోటను కుండీలు బద్దలయ్యాయి. పైడయ్య దూకిన దూకుడికి కమిషనరుగారి ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది.

గట్టు మీద బోర్లా పడుకోబెట్టి నొక్కితే పురుషోత్తం గ్లాసుడు నీళ్లు కక్కి, దగ్గి, కళ్లు తెరిచాడు. మొట్టమొదట కనపడింది నిపుణుల సంఘం. ఆ తరవాత తన పరిస్థితి తెలిసొచ్చింది. పైడయ్య తన భుజాన ఉండే ఇంకో ఎర్రగళ్ల గావంచా తెచ్చి ఆయన నడుముకి చుట్టాడు.

"ఇంతసేపట్లో మాకు కనపడిన ఈతగాడు ఈయనొక్కడే," అన్నాడు అధ్యక్షుడు.

మూడోరోజు విచారణ జరిగింది. పురుషోత్తానికి, నిర్ణీత వస్త్రము లేకుండా కొలను వెడలినందుకు మెమో. పైడయ్యకి, నిర్ణీత వస్త్రము లేకుండా కొలను ప్రవేశించినందుకు మెమో. ఇద్దరూ కమిషనరుగారి బల్ల ముందు నిలబడ్డారు. సుభాషిణి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది, వద్దన్నా వినకుండా.

"పైడయ్యా, నువ్వు దూకే సమయానికి అతను ఏ వస్త్రంలో ఉన్నాడు?"

"గుడ్డలు నేను సూడలేదు బాబూ. మనిసి అగుపడినాడు, దూకినాను."

"వస్త్రం ఉండి ఉంటే?"

"అగుపడకపోదురు. సచ్చిపోదురు."

కమిషనరుగారు కలం ఆపారు. "చచ్చిపోయేవారన్న మాట రికార్డు చెయ్యడానికి వీల్లేదు. అది ఊహాజనితం."

గుమ్మంలోంచి సుభాషిణి అంది: "అయ్యా, ఆ ఊహ నాకు మూడు రోజులుగా నిద్ర పట్టనివ్వడంలేదు. అదైనా రాసుకోండి."

ఆయన రాసుకోలేదు, పైకి చూడనూ లేదు. కాయితాలు కట్టగట్టి విచారణ వాయిదా వేశారు. అది మళ్లీ జరగలేదు, ఎందుకంటే ఆ వారమే పోటీ ఫలితాలు వచ్చాయి. "ఈతగాండ్ర వలన ఎట్టి కలతయు చెందని స్వచ్ఛజలము"నకుగాను రంగరాయపట్నానికి ప్రథమ బహుమతి వచ్చింది. త్రివిక్రమరావుగారికి పదోన్నతి ఇచ్చి, వస్త్రాల విషయంలో ఆయనకున్న అనుభవాన్ని గుర్తించి, చేనేత శాఖకి బదిలీ చేశారు. పోతూ పోతూ, కొత్త కమిషనరు వచ్చేవరకు ఈతదుస్తుల ఉత్తర్వులన్నీ నిలుపుదలలో ఉంచుతున్నట్టు సంతకం చేసి వెళ్లారు. అంటే, ఇక ఎవరేం కట్టుకున్నా అడిగే నాథుడు లేడు.

పురుషోత్తం పదిరోజులు కొలను వైపు వెళ్లలేదు. భయం తగ్గింది గాని మోకాళ్లు ఊరుకోలేదు. పదకొండోరోజు పొద్దున్న సుభాషిణి కొత్తగా కుట్టిన నిక్కరొకటి తెచ్చి మంచం మీద పెట్టింది. ముందుగది కర్టెను గుడ్డలో మిగిలిన ముక్క. పసుపురంగు, మామూలు పసుపు కాదు, రోడ్డు పనివాళ్లు వేసుకునే చొక్కాల్లాంటి పసుపు.

"ఇదేంటే ఈ రంగు!"

"బావుండక్కర్లేదు. మేడమీంచి మహాలక్ష్మమ్మగారు చూసినా మీరు ఎక్కడున్నారో తెలియాలి."

అది తొడుక్కుని, మీద పంచె చుట్టుకుని, కొలనుకి వెళ్లాడు. గేటు దగ్గర గవర్రాజు లేడు. కొలిచేవాళ్లెవరూ లేరు. పురుషోత్తానికి ఎన్నాళ్లకో గుండె తేలికైంది. లోపలికి అడుగుపెట్టి పంచె విప్పి తీగమీద వేసి, ఇటు తిరిగాడు.

ముప్పైతొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. అందరి నడుములకీ ఎర్రగళ్ల గావంచాలు.

"మాస్టారూ, రండి రండి!" అన్నారు ఉమామహేశ్వరంగారు ప్రేమగా. ఆయన కళ్లు కిందికి దిగాయి. గొంతు మారింది. "ఇదేంటండీ, గావంచా ఏదీ?"

"ఏ గావంచా?"

"భలేవారే! ఆ రోజు మీరు గట్టు మీద గావంచాతో నిలబడితే ఎంత హుందాగా ఉన్నారనుకున్నారు! ఊళ్లో అంగళ్లలో ఎర్రగళ్లవి అయిపోతే పక్క ఊరినుంచి తెప్పించుకున్నాం అందరం. మీరేమో, ఏమనుకోకండి, ఈ కర్టెను..."

"ఇప్పుడు ఉత్తర్వేం లేదు కదండీ," అన్నాడు పురుషోత్తం.

"ఉత్తర్వు లేకపోతే మాత్రం బ్యాచ్‌కి ఒక పద్ధతంటూ ఉండొద్దా?" అన్నారు ఎవరో వెనకనుంచి. నలుగురు తలలూపారు. ఒకాయన తన సంచిలోంచి మడతవిప్పని గావంచా తీసి మర్యాదగా చాపాడు కూడా.

పురుషోత్తం చెయ్యి ఆ గావంచా వైపు సగం వెళ్లింది. నలభైమందిలో ఒకడిగా ఉండడం ఎంత సుఖమో ఆయనకి తెలుసు. ఆ సుఖంలో మూడు గజాల దూరంలోంచి మనుషులు ఎలా ఈదుకుంటూ పోతారో కూడా ఇప్పుడు తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎత్తు కుర్చీ మీదనుంచి పైడయ్య వంగి చూశాడు. "దిగండి మాస్టారూ. మాబాగా అగుపడతన్నారు."

పురుషోత్తం దిగాడు. నీళ్లు చల్లగా తగిలాయి. నాలుగు బారలు వేసేసరికి మోకాళ్లు మాయమయ్యాయి. ఒకసారి ఆ చివరికి వెళ్లాడు, ఈ చివరికి వచ్చాడు. తడిసిన గావంచాలు కాళ్లకి చుట్టుకుని తక్కినవాళ్లు గట్టు పట్టుకుని సర్దుకుంటున్నారు. వాళ్లని దాటుకుంటూ రెండోసారి వెళ్లాడు. ఆ చూపులు వీపుకి తగులుతూనే ఉన్నాయి గాని, ఎందుకో బరువుగా లేవు.

మూడోసారి సగం దూరంలో ఉండగా పక్కన ఎవరో ఆయాసపడుతూ ఈదుతున్న చప్పుడైంది. ఉమామహేశ్వరంగారు. ఒక చేత్తో గావంచా పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్లు కొడుతూ, వెనక్కి తిరిగి ఎవరూ వినడంలేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"మాస్టారూ, ఆ పసుపు గుడ్డ ఎక్కడ దొరుకుతుందండీ?"

పురుషోత్తం ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆపైన గట్టిగా ఊపిరి పీల్చుకుని, నీళ్ల అడుక్కంటా వెళ్లిపోయాడు.